నల్లజాతి సోదరుడు కావలెను

సయోధ్య కుదుర్చుకోవాలని మా విచారణ పెద్దలు మనస్ఫూర్తిగా నిర్ణయించుకున్నాక, కుదుర్చుకోవడానికి అవతలి పక్షమే లేదని తేలింది. మా కష్టాలు అక్కడినుంచి మొదలయ్యాయి.

విచారణ అంటే ఇక్కడ పోలీసు విచారణ కాదు. ఒక కథోలిక గుడి, దానికొక గురువు, ఆ గుడికి వచ్చే జనం, అంతా కలిపి విచారణ. మా మేడిచర్లలో గుడి ఒకటే, పూజ ఒకటే, దేవుడూ ఒక్కడే. ఊళ్ళో రెడ్లు, పేటలో దళితులం, అందరం ఒకే గురువు చేతి మీదుగా సత్ప్రసాదం తీసుకుంటాం. సమాధుల తోట కూడా ఒకటే. దాని మధ్యలో ఒక గోడ ఉంది, అంతే. గోడకు ఎగువన ఊరివాళ్ళు, దిగువన మేము. ఎగువన గట్టి నేల, వేపచెట్ల గాలి. దిగువన సాగరు కాలవ ఊట. కాస్త లోతు తవ్వితే చాలు, నీళ్ళు. మావాళ్ళను పూడ్చేటప్పుడు పెట్టె తేలిపోకుండా ఇద్దరు కర్రలతో అదిమిపట్టుకుంటారు, మిగతావాళ్ళం గబగబా మట్టి పోస్తాం. మా నాన్నను అట్లాగే పంపించాం. ఆ కర్ర ఒకటి నేనే పట్టుకున్నాను. 

సర్క్యులర్ మేత్రాసనం నుంచి, అంటే బిషప్పుగారి ఆఫీసు నుంచి వచ్చింది. మేత్రాసనానికి ఇంకా పైనుంచి వచ్చిందట. ఆ పైవాళ్ళకు ఏ దేశం నుంచి వచ్చిందో మాకు తెలియదు. ఈ ఏడాదిని జాతుల సయోధ్య సంవత్సరంగా పాటించాలి. శతాబ్దాలుగా తెల్లజాతి చేసిన అన్యాయానికి నల్లజాతిని క్షమాపణ అడగాలి. నల్లజాతి విమోచన వేదాంతాన్ని అధ్యయనం చెయ్యాలి. కథోలిక శ్రీసభ సామాజిక బోధన వెలుగులో ఆత్మపరిశీలన చేసుకుని, సయోధ్య సభ జరిపి, ఫొటోలు పంపాలి.

వెంటనే సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు జోజిరెడ్డి. గుడికి మార్బుల్ వేయించింది ఆయనే, తోట ఎగువ గేటు తాళం ఉండేదీ ఆయన మొలతాడుకే. వేదాంత ఉపసంఘం కన్వీనరు లూర్దురెడ్డి, కాలేజీలో లెక్చరరు. ఆయన కాఫీ కావాలన్నా "ఒక ఉష్ణపానీయం విషయమై ఆలోచించవచ్చు" అంటాడు. గౌరవ సలహాదారు మా గురువులు ఫాదర్ మెల్కియోరు, ఎవరి మనసూ నొప్పించని మనిషి. అందువల్ల ఎవరికీ ఉపయోగపడరు. పేట తరఫున సభ్యుణ్ణి నేను, గాబ్రియేలును. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను.

మొదటి సమావేశంలోనే నేను నోరు విప్పాను. "అధ్యక్షా, సయోధ్య అన్నారు గనక, ముందు తోటలో గోడ తీసేద్దాం. మా ఎంకటేసుపాలెం బాబాయిని పిలిస్తే గునపాలు కూడా ఆయనే తెస్తాడు."

లూర్దురెడ్డి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "గాబ్రియేలు గారి ఆవేదనను సంఘం సానుభూతితో పరిగణనలోకి తీసుకుంటున్నది. అయితే ప్రస్తుత సర్క్యులర్ పరిధి తెల్ల, నల్ల జాతులకు మాత్రమే పరిమితమైనది. గోడ అనేది స్థానిక నిర్మాణం. దానిని ఇందులోకి లాగితే నల్లజాతి సోదరుల వేదనను పలుచన చేసినవారమవుతాము."

"అయినా మనకీ మీకూ తగాదా ఏముందిరా గాబ్రేలూ?" అన్నాడు జోజిరెడ్డి ఎంతో ప్రేమగా. నాకంటే ఆయన వయసులో చిన్న. "తగాదా ఉంటే గదా సయోధ్య! మనం అన్నదమ్ముల్లాగా లేమా?"

ఉన్నాం. కుర్చీలు చాలలేదని నేను నిలబడి ఉన్నాను, అంతే తేడా.

తర్వాతి అంశం, తెల్లజాతి ఎవరు? క్షమాపణ అడిగేవాళ్ళు వేదిక మీద కూర్చోవాలని సర్క్యులర్‌లో ఉంది. అది చదవగానే ఊళ్ళో పెద్దలంతా తెల్లజాతి తరఫున పేర్లిచ్చారు. జోజిరెడ్డి ఒంటి రంగు మా ఇంట్లో దోసెల పెనం రంగే. అయినా ఆయన ఆ నిమిషం నుంచే తెల్లవాళ్ళ పాపభారం మోయడం మొదలుపెట్టాడు. మోస్తున్నవాడు ఎంత హాయిగా కనపడ్డాడో చెప్పలేను. మనం చెయ్యని పాపానికి క్షమాపణ అడగడంలో ఉన్న సుఖం ఇంకెందులోనూ లేదు.

ఇక నల్లజాతి.

"మన విచారణ పరిధిలో నల్లజాతీయుల సంఖ్య శూన్యము," అని లూర్దురెడ్డి ప్రకటించాడు. "ఇది ఆధ్యాత్మికంగా విచారించదగిన లోటు. తక్షణమే ఒక నల్లజాతి సోదరుణ్ణి సమకూర్చుకోవలసి యున్నది."

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. వాళ్ళు వెతుకుతూ ఉండగా మాకు తరగతులు మొదలయ్యాయి.

ప్రతి ఆదివారం పూజ అయ్యాక లూర్దురెడ్డి ఒక గంట చెప్పేవాడు. బాగా చెప్పేవాడు, అబద్ధమెందుకు. ఓడల్లో గొలుసులు వేసి తీసుకుపోవడం, భార్యాభర్తల్ని విడదీసి అమ్మడం, చర్చిలో వెనక బెంచీల్లో కూర్చోబెట్టడం, చచ్చినా వేరే శ్మశానంలో పూడ్చడం. ఆ చివరి మాట దగ్గర గుడంతా అయ్యో అంది. వెనక బెంచీల్లో కూర్చుని మేమూ అయ్యో అన్నాం.

దేవుడు అణగారినవాళ్ళ పక్షాన ఉంటాడనీ, కాబట్టి క్రీస్తు నల్లవాడనీ నల్లజాతి వేదాంతులు అంటారని ఒక ఆదివారం చెప్పాడు. సంఘానికి ఆ సంగతి బాగా నచ్చింది. పీఠం మీది క్రీస్తు స్వరూపానికి నల్లరంగు వేయించాలని తీర్మానం చేశారు. వేయించారు కూడా. "సామాజిక బోధనలో పేదలకు ప్రాధాన్యం అని ఒక సూత్రం ఉంది గదా, దాని సంగతి?" అని నేను అడిగాను. రంగు వేసే పని పేటవాడికే ఇచ్చామని జవాబొచ్చింది.

పత్తి చేలల్లో బానిసలు పాటలు పాడుకుంటూ ఎట్లా పత్తి ఏరేవాళ్ళో, సూర్యుడు పొడవకముందే రాకపోతే కొరడా ఎట్లా లేచేదో చెప్పిన రోజున, జోజిరెడ్డి భార్య ఫాతిమమ్మగారు వెక్కివెక్కి ఏడ్చింది. ఇద్దరు పట్టుకుని బయటికి తీసుకెళ్ళి సోడా తాగించారు. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. ఆమె మంచి మనిషే.

మర్నాడు సోమవారం. ఆమె చేలో పత్తి ఏరడానికి పేట ఆడవాళ్ళు వెళ్ళారు. మా అత్త ఆరోగ్యమ్మ కాస్త ఆలస్యంగా వెళ్ళింది.

"ఎండ నెత్తికొచ్చినాక తగలడతారా? పాటలు పాడటానికి మాత్రం నోళ్ళు లేస్తయ్! ఇయాల సగం కూలే, ఇష్టమైతే ఒంగు, లేకపోతే పో," అంది ఫాతిమమ్మగారు.

"మా ఇంటాయనకు మందు పోసొచ్చేతలికి ఇంతసేపయిందమ్మా," అంది అత్త. ఒంగింది.

ఆ మందు తాగేది మా మేనమామ రాయప్ప. నలభై ఏళ్ళు ఉపదేశిగా చేశాడు. గురువులు రాని రోజుల్లో జపాలు చెప్పించడం, పిల్లలకు జ్ఞానోపదేశం నేర్పడం, చావుకు గంట కొట్టడం, అన్నీ ఆయనే. పరలోక జపం ఊళ్ళో పిల్లలకూ పేట పిల్లలకూ ఒకే వేపబెత్తంతో నేర్పాడు. జోజిరెడ్డి వీపు మీద కూడా ఆ బెత్తం ఆడింది. అందుకని ఊళ్ళోవాళ్ళు ఎదురైతే మేష్టారూ అంటారు. అరుగు దాకా రానిస్తారు. ఇప్పుడు ఊపిరితిత్తులు పూర్తిగా పోయి, గోడకు చేరగిలబడి కూర్చుంటే తప్ప గాలి ఆడని స్థితిలో ఉన్నాడు.

నేను వెళ్తే చెయ్యి పట్టుకున్నాడు. "ఒరే గాబ్రేలూ, నాకు ఈత రాదురా."

"అట్టా మాట్లాడబోకు మావా."

"నవ్వులాటకి కాదురా. ఎంతమందికి నేను గంట కొట్టానో, ఎంతమందిని ఆ నీళ్ళల్లో అదిమి పట్టడం చూశానో. మీ నాయన్ని చూళ్ళా? నన్ను పొడి మట్టిలో పెట్టండ్రా. పైన బండ వద్దు, ఏం వద్దు. పొడి మట్టి చాలు. నువ్వు కమిటీలో ఉండావుగా, అడగరాదా?"

కమిటీలో ఉన్నాను గదా. అడుగుతానని మాటిచ్చాను.

అడిగాను కూడా. సంఘం నా విజ్ఞప్తిని నిండు మనసుతో వాయిదా వేసింది. సయోధ్య సభ ముగిసేదాకా సయోధ్యకు సంబంధించిన విషయాలేవీ లేవనెత్తరాదని, దానివల్ల సయోధ్య వాతావరణం చెడుతుందని లూర్దురెడ్డి వివరించాడు. "మేష్టార్ని అప్పటిదాకా ఓపిక పట్టమని చెప్పు," అన్నాడు జోజిరెడ్డి. ఆ మాట మామతో నేను చెప్పలేకపోయాను.

ఈలోగా నల్లజాతి దొరికింది. గుంటూరు దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో చదువుకుంటున్న కుర్రవాడు, మలావి దేశం, పేరు చిసోమో. కథోలికుడు. ఆదివారం భోజనం పెడతామంటే వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, మొహం నిండా నవ్వుతో కారు దిగాడు. సంఘమంతా చేతులు జోడించి నిలబడింది. నాలుగు వందల ఏళ్ళ బానిసత్వం కారు దిగి వచ్చినట్టుగా ఫాతిమమ్మగారు కళ్ళు ఒత్తుకుంది.

"నమస్తే అంకుల్, నమస్తే ఆంటీ," అన్నాడు చిసోమో. తెలుగు వాడికి హాస్టలు మెస్సూ ఆటోలూ నేర్పాయి. "పప్పు ఉందా?"

పప్పేమిటి, కోడి, చేప, గారెలు, అన్నీ ఉన్నాయి. జోజిరెడ్డి ఇంటి నట్టింట్లో బల్ల మీద వడ్డించారు. కిటికీ అవతల అరుగు మీద నిలబడి నేను చూశాను. నేను చూసినంతలో పేట మనిషెవడూ ఆ గడప దాటలేదు. వాడు మాత్రం కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని, అక్కడే మంచం మీద ఓ కునుకు తీశాడు. నాకు వాడి మీద అసూయ కలగలేదు. జోజిరెడ్డి మీద కోపమే వచ్చింది. ఒళ్ళు మండిపోయింది. ఆ గడప ఇంత తేలిగ్గా దాటగలిగిందే అయితే, ఇన్నేళ్ళు దానికేమయింది?

భోజనమయ్యాక లూర్దురెడ్డి వాడికి తన పాత్ర వివరించాడు. వాడు ఓపిగ్గా విన్నాడు.

"కానీ సార్, నన్ను ఎవరూ బానిస చెయ్యలేదు. మా తాత హెడ్మాస్టరు. మాకు ఆవులు ఉన్నాయి."

"అది నీవు వ్యక్తిగా మాట్లాడుచున్నావు," అన్నాడు లూర్దురెడ్డి. "సంఘం నిన్ను జాతిగా స్వీకరించినది."

ఆ సాయంత్రమే, క్రీస్తు శిష్యుల కాళ్ళు కడిగినట్టు సభలో వాడి కాళ్ళు కడిగే కార్యక్రమానికి రిహార్సలు. జోజిరెడ్డి నడుముకు తువ్వాలు చుట్టుకుని, ఇత్తడి పళ్ళెంలో వాడి కాళ్ళు పెట్టి నీళ్ళు పోస్తున్నాడు. వాడు వంగి ఆయన మొహంలోకి పరీక్షగా చూశాడు. మొహం వెలిగింది.

"అంకుల్! గుంటూరులో పచ్చ బిల్డింగు మీది కదా? నేను రూము కోసం వచ్చా. ఆఫ్రికా వాళ్ళకి ఇవ్వం అన్నారు. గుర్తుందా?"

పళ్ళెంలో నీళ్ళ చప్పుడు ఆగింది.

"సోదరుడు సమస్తమూ క్షమించానంటున్నాడు," అన్నాడు లూర్దురెడ్డి గట్టిగా. అందరూ చప్పట్లు కొట్టారు.

వాడికి మా పేట దారి తెలిసింది నావల్లనే. బస్సు టైము దాకా మా ఇంట్లో కూర్చోబెడితే, నడిచి మామ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. తెలుగులో జపం నేర్చుకోవాలట. ఆయాసపడుతూనే మామ నేర్పాడు. తప్పు చెప్పినప్పుడల్లా ఆయన చెయ్యి పక్కన బెత్తం కోసం వెతికేది. ఆ తర్వాత ప్రతి ఆదివారం నట్టింట్లో కోడికూర తిని నేరుగా మామ మంచం దగ్గరికే వచ్చేవాడు. తాతా అని పిలిచేవాడు. ఒకసారి తోట పక్కగా వస్తూ అడిగాడు: "అన్నా, ఏంటి ఇది గోడ?"

ఉన్నదున్నట్టు చెప్పాను. వాడు అక్కడే ఆగిపోయాడు. "వాళ్ళు నాకు సారీ చెప్తున్నారు," అన్నాడు. "నాకు ఎందుకు?"

బస్సు వచ్చిందన్నాను.

సభ ఇంకా వారం ఉందనగా పిడుగులాంటి వార్త. పక్క విచారణవాళ్ళు ఇద్దరు నల్లజాతి సోదరుల్ని సంపాదించారు. పైగా అందులో ఒకరు సోదరి. మా సంఘం అత్యవసరంగా సమావేశమైంది. కాళ్ళు కడగడం వాళ్ళూ చేస్తారు. శాలువాలు వాళ్ళూ కప్పుతారు. మేత్రాసనం దృష్టిలో మేడిచర్ల వెనకపడిపోతుంది. అప్పుడు జోజిరెడ్డి లేచి, ఇంతవరకు ఏ విచారణా చెయ్యని త్యాగం ప్రకటించాడు.

"మన తోటలో ఎగువన, మా నాయన సమాధి పక్కనే ఆరడుగుల స్థలం నల్లజాతికి రాసిచ్చేస్తా! చచ్చిపోయినాక కూడా పక్కపక్కనే పడుకుంటే, అంతకు మించిన సయోధ్య ఏముంది?"

ఫాదర్ మెల్కియోరు గారు నా వైపు చూసి, చప్పున కిటికీలోంచి బయటికి చూశారు.

చిసోమోకు చెబితే కంగారుపడ్డాడు. "నేను ఇప్పుడే చావను అంకుల్. నాకు రెండు సప్లీలు ఉన్నాయి."

సభ రోజు తెల్లవారుజామున మామ పోయాడు.

అత్త ఏడుపు పేటంతా వినపడింది. ఎనిమిదింటికల్లా జోజిరెడ్డి మనిషి వచ్చాడు. మేష్టారి మరణానికి సంఘం తీవ్ర సంతాపం తెలియజేస్తున్నదట. సభ అయ్యేవరకు ఏడుపు కాస్త తగ్గించుకోవాలట, మైకులో పడుతుందట. అత్త వాడి మొహం చూసింది. నిజంగానే ఏడుపు ఆపేసింది. ఆ తర్వాత ఆమె మొహం వైపు చూడాలంటే నాకు భయమేసింది. మా కుర్రాళ్ళు దిగువన గుంట తవ్వడానికి వెళ్ళి, మోకాళ్ళ దాకా తడిసి తిరిగొచ్చారు.

నేను సభకు వెళ్ళాను. మామకిచ్చిన మాట ఉంది. అక్కడ నల్ల క్రీస్తు కింద తెల్లజాతి వరసగా కూర్చుంది. కాళ్ళు కడిగారు. శాలువా కప్పారు. ఫొటోలు తీశారు. చిసోమో పూలదండల మధ్య బిక్కమొహంతో ఉన్నాడు. వాడికి నీళ్ళ గ్లాసు అందిస్తూ, తాత పోయాడని చెవిలో చెప్పాను. వాడు గ్లాసు తాగకుండానే కింద పెట్టేశాడు.

అప్పుడే లూర్దురెడ్డి మైకులో చదువుతున్నాడు: "...ఎగువ సమాధుల తోట యందలి సదరు స్థలమును నల్లజాతి సోదరునికి సర్వహక్కులతో శాశ్వతముగా సమర్పించడమైనది!"

చప్పట్లు మోగుతుండగా చిసోమో మైకు అందుకున్నాడు. "థాంక్యూ అంకుల్. ఈ స్థలం నాదే కదా?"

"నీదే నాయనా!" అన్నాడు జోజిరెడ్డి గద్గదంగా.

"రాయప్ప తాతకి ఇస్తున్నా. ఈ రోజే. తాతకి ఈత రాదు."

వెనక బెంచీల్లో పేట మొత్తం లేచి నిలబడింది. వేదిక మీద మాత్రం లేచినవాళ్ళు కూర్చున్నారు, కూర్చున్నవాళ్ళు లేచారు. లూర్దురెడ్డి ఒక్కడే తొణకలేదు. ఆ మనిషి తెలివిని మెచ్చుకోవాలి. "సదరు స్థలము నల్లజాతి వారికి మాత్రమే ప్రత్యేకించబడినది. దివంగత రాయప్ప గారు నల్లజాతి పరిధిలోకి రారు. అయితే, మేత్రాసన ఛాయాచిత్రకారుల సమక్షములో సోదరుని మనసు కష్టపెట్టరాదు గనుక, దివంగతుని గౌరవ నల్లజాతి సోదరునిగా గుర్తించి, సమాధి సిలువ మీద ఆ మేరకు రాయించినచో అభ్యంతరముండదు."

ఫొటోగ్రాఫర్ల వైపు చూసి జోజిరెడ్డి తల ఊపాడు. కానీ ఆయన రైతు బిడ్డ, గట్టు తగాదాల్లో పుట్టి పెరిగినవాడు. "స్థలం ఇచ్చాంగానీ దారి ఇవ్వలా," అన్నాడు. "ఎగువ గేటు మా కుటుంబాలది. ఒకసారి పేట పెట్టె అందులోంచి వచ్చిందంటే రేపు అదే ఆనవాయితీ అవుద్ది. గోడ మీదుగా అందించమనండి."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మాకు సగం వరం దొరికింది. మేం దానికీ ఒప్పుకున్నాం. పొడి మట్టి కోసం.

మధ్యాహ్నానికి పెట్టె గోడ దగ్గరికి వచ్చింది. ఎగువన చక్కటి గుంట తవ్వి ఉంది. ఎర్రమట్టి, పొడిపొడిగా రాలుతోంది. గోడ నిలువెత్తు ఉంటుంది, దాని పైన వరసగా సీసాపెంకులు. అందుకని పెట్టె దాని మీద ఆనడానికి లేదు. ఇటునుంచి మేం చేతులు చాచి పైకెత్తాలి, అటునుంచి ఎవరో అందుకోవాలి. అటువైపు వెళ్ళడానికి మాకు దారి లేదు. దారి ఉన్నవాళ్ళు సంఘం పెద్దలే. ఫొటోగ్రాఫర్లు కూడా అక్కడే ఉన్నారు. కాబట్టి జోజిరెడ్డి, లూర్దురెడ్డి, మిగతా తెల్లజాతి అంతా శాలువాలతో సహా వచ్చి చేతులు పైకి చాచారు. చిసోమో కూడా అటు నిలబడ్డాడు. మేం ఎత్తాం. వాళ్ళు అందుకున్నారు. సగం పెట్టె వాళ్ళ అరచేతుల మీద, సగం మా అరచేతుల మీద, కింద సీసాపెంకులు.

సరిగ్గా అప్పుడు ఆరోగ్యమ్మ అత్త, గోడకు ఆనించి పెట్టిన కొత్త సిలువ మీది అక్షరాలు కూడబలుక్కుని చదివింది. ఆమెకు చదువు నేర్పింది మామే.

"ఆపండి," అంది.

ఆపాం. పెట్టె గాల్లో ఆగింది.

"రాయప్ప, గౌరవ నల్లజాతి సోదరుడు. ఇదేంది ఇది? ఈయన ఎవురికి సోదరుడు?" గోడ వైపు తిరిగింది. "జోజిరెడ్డీ! ఈయన నీకు జపాలు నేర్పినోడు. నీ పెళ్ళికి గంట కొట్టినోడు, మీ నాయన చావుకి గంట కొట్టినోడు. ఈ ఊళ్ళో పుట్టి ఈ ఊళ్ళో చచ్చినోణ్ణి, పరదేశపోణ్ణి చేస్తేగాని నీ పక్కన పడుకోనియ్యవా? మా పేటోడని చెప్తే నీ మట్టి మైలపడిద్దా? ఆయన పేరు రాయప్ప. ఉపదేశి రాయప్ప. అట్టా రాస్తేనే దించండి. లేదంటే నా మనిషిని నాకియ్యండి, నీళ్ళల్లోనే పెట్టుకుంటా."

గాలికి వేపాకులు రాలి పెట్టె మీద పడ్డాయి. బరువుకి నా భుజాలు అప్పటికే లాగుతున్నాయి.

"సిలువ మీది వాక్యమును మార్చవలెనన్నచో సంఘ తీర్మానము తప్పనిసరి," అని గోడ అవతల్నించి మూలుగు లాంటి గొంతు వినపడింది. లూర్దురెడ్డిది.

"సంఘం ఇక్కడే ఉంది గదండీ," అన్నారు ఫాదర్ మెల్కియోరు. ఆయన చేతిలో తీర్థజలం తప్ప ఇంకేం బరువు లేదు. గోడ చివర, గేటు పక్కన నిలబడి రెండు వైపులా చూస్తున్నారు. "అందరూ హాజరయ్యారు. గాబ్రియేలూ, తీర్మానం ఏమిటో నువ్వే చెప్పు."

పెట్టె కింద నిలబడి నేను చెప్పాను. జీవితమంతా బస్సులో అరిచిన గొంతు అది, మైకు అక్కర్లేదు. "సిలువ మీద ఉపదేశి రాయప్ప అని మాత్రమే ఉండాలి. ఆయన్ని గేటులోంచి తీసుకెళ్ళాలి. రేపు ఈ గోడ తీసెయ్యాలి. ఇదే నా తీర్మానం."

"అనుకూలంగా ఉన్నవాళ్ళు చేతులెత్తండి," అన్నారు ఫాదర్‌గారు.

అమాయకంగా అన్నారో, ఎరిగే అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. గోడకు ఇటు మా చేతులన్నీ ఆకాశం వైపు ఎత్తి ఉన్నాయి. అటు వాళ్ళ చేతులన్నీ ఎత్తి ఉన్నాయి. ఆయన ఇటు చూశారు, అటు చూశారు, నింపాదిగా లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

"అధ్యక్షా! దించండి! చేతులు దించండి!" అని అరిచాడు లూర్దురెడ్డి, తన చేతులు దించకుండానే.

జోజిరెడ్డి తల పైకెత్తి చూశాడు. చెమట కళ్ళలోకి కారుతోంది, తుడుచుకోవడానికి లేదు. దించుదామంటే పైన మేష్టారున్నాడు.

ఆయన దించలేదు.